తెరచాప సరుకు ఓడలో రోజూ ఏం పని జరిగేది? కట్టీ సార్క్ ఉదాహరణగా

ప్రశ్న ఇది: "పాత తెరచాప ఓడల గురించి వెతికితే పందేలు, తుఫాన్లు, తిరుగుబాట్లే కనిపిస్తున్నాయి. 1800ల్లో సరుకు మోసే ఓడలో మామూలు రోజు ఎలా గడిచేది? ఎవరెవరు ఏ పని చేసేవారు? అలాంటి ఓడ ఎన్నాళ్లు పనికొచ్చేది?"

నేను ముప్పై ఏళ్లకు పైగా సరుకు ఓడల్లో పనిచేశాను. డెక్ కేడెట్‌గా ఎక్కి, చీఫ్ ఆఫీసర్‌గా దిగాను. తెరచాప ఓడ మీద జీతానికి పనిచేసే రోజులు మా తరానికి లేవు. అయితే చీఫ్ ఆఫీసర్ ఉద్యోగంలో పెద్ద భాగం సరుకు పనే. ఎక్కించడం, సర్దడం, తడవకుండా, కదలకుండా చూసుకోవడం, లెక్క తప్పకుండా దించడం. ఆ పని నూట యాభై ఏళ్లలో బయటివాళ్లు అనుకున్నంతగా మారలేదు. అందుకే మీ ప్రశ్నకు నా జవాబు సరుకు వైపు నుంచి మొదలవుతుంది. ఓడ ఎటు వెళ్లాలి, ఎప్పుడు బయల్దేరాలి, ఎంతమంది ఉండాలి, ఎంత వేగంగా పోవాలి, అన్నీ హోల్డులో, అంటే డెక్ కింద సరుకు పెట్టే చోట, ఏముందన్న దాన్ని బట్టే తేలేవి. ఏ ఓడ గురించి చెప్పినా ఇదే వరస గనక నాకు బాగా తెలిసిన ఒక్క ఓడనే తీసుకుంటాను: కట్టీ సార్క్. అది మన కాకినాడ, భీమిలి తీరానికి కూడా వచ్చి సరుకు ఎక్కించుకుంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

1869 నవంబర్ 22న స్కాట్లాండ్‌లోని డంబార్టన్‌లో ఈ ఓడ నీళ్లలోకి దిగింది. చేయించుకున్నది లండన్ ఓడల యజమాని జాన్ విల్లిస్. గీసింది హెర్క్యులిస్ లింటన్. టన్నుకు 17 పౌండ్ల చొప్పున బేరం కుదిరింది. ఆ రేటుకి విల్లిస్ కోరిన నాణ్యత గిట్టుబాటు కాక, కట్టే కంపెనీ మధ్యలోనే చితికిపోయింది. మిగిలిన పని పక్కనున్న ఓడల కంపెనీ డెన్నీ వాళ్లు పూర్తి చేశారు. పొడవు 212 అడుగులు, వెడల్పు 36 అడుగులు, మూడు మాస్టులు (తెరచాపలు కట్టే నిలువు స్తంభాలు). అన్ని తెరచాపలూ విప్పితే 32,000 చదరపు అడుగుల గుడ్డ. మన లెక్కలో 73 సెంట్ల నేల. అంత గుడ్డని గాలికి తగ్గట్టు విప్పడం, ముడవడం, చిరిగితే కుట్టడం పాతిక ముప్పై మంది మనుషుల చేతుల మీదే జరగాలి. ఆవిరి యంత్రం లేదు.

కట్టిన తీరు కూడా చూడండి. ఎముకల గూడు ఇనుము, పైన తొడుగు చెక్క. చెక్కలో ముఖ్యంగా టేకు. నీటి కింద భాగానికి రాగి, జింకు కలిసిన మంట్జ్ మెటల్ రేకులు కొట్టారు. పూర్తిగా ఇనుముతో చేస్తే అడుగున నాచు, గుల్లలు పట్టి వేగం పడిపోతుంది. ఇనుము మీద నేరుగా రాగి రేకు కొడితే ఉప్పునీటిలో ఇనుము తినేస్తుంది. మొత్తం చెక్కతో చేస్తే లోపలి దూలాలు లావుగా ఉండి సరుకు చోటు తగ్గుతుంది. ఈ రెండూ కలిపితే అడుగు నున్నగా ఉంటుంది, హోల్డు విశాలంగా ఉంటుంది. ఆ ఓడ అందాన్ని అందరూ మెచ్చుకుంటారు. నేను మాత్రం ఆ హోల్డు కొలతల్ని మెచ్చుకుంటాను.

ఓడ నీళ్లలోకి దిగడానికి సరిగ్గా ఐదు రోజుల ముందు, నవంబర్ 17న, సూయజ్ కాలువ తెరిచారు. ఆవిరి ఓడలకి చైనా నుంచి లండన్ దారి మూడు వేల మైళ్లకు పైగా తగ్గిపోయింది. తెరచాప ఓడకి ఆ కాలువ పనికిరాదు. లాగించుకోవాలంటే డబ్బు, ఆపైన ఎర్ర సముద్రంలో గాలులు కలిసిరావు. కాబట్టి కట్టీ సార్క్ ఆఫ్రికా చుట్టూ తిరగాల్సిందే. టీ కోసం కట్టిన ఓడ, టీ వ్యాపారం చేజారుతున్న వారంలో పుట్టింది. దాని పనిబతుకంతా ఈ ఒక్క సంగతి నీడలోనే నడిచింది.

మొదటి ప్రయాణం 1870 ఫిబ్రవరిలో. వెళ్లేటప్పుడు మద్యం, బీరు, తయారైన సరుకులు. షాంఘైలో దించి, తిరిగొచ్చేటప్పుడు పదమూడు లక్షల పౌన్ల టీ, అంటే దాదాపు 590 టన్నులు. టీ ఎక్కించడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. నాకు ఓడ పందేల కన్నా ఇదే ఆసక్తి.

టీ తేలిక సరుకు. హోల్డు నిండినా ఓడకి చాలినంత బరువు రాదు. బరువు లేని ఓడ, పైన అంత గుడ్డ, గాలి కొడితే పక్కకి ఒరిగిపోతుంది. అందుకని ముందు అడుగున గులకరాళ్లు పోసేవాళ్లు. బ్యాలస్ట్ అంటే అదే. పోసి వదిలేయడం కుదరదు. పైనున్న డెక్ వంపుకి సమాంతరంగా, మేస్త్రి పని చేసినట్టు చదును చెయ్యాలి. దాని మీద వెదురు బద్దలు, చాపలు. వాటి మీద మొదటి వరసలో తక్కువ రకం, పాత పంట టీ పెట్టెలు. తడి తగిలినా, మురికి తగిలినా నష్టం వాటికే. ఆ పైన కొత్త పంట. పెట్టెల్ని వరస తర్వాత వరస పేర్చి, చివరి పెట్టెని చెక్క సుత్తితో కొట్టి దించేవాళ్లు, గోడలో చివరి ఇటుక బిగించినట్టు. ఈ పనిలో చైనా రేవు కూలీల నేర్పు అప్పటి నావికులందరూ ఒప్పుకున్నదే. పూర్తయ్యాక హోల్డు మొత్తం ఒకే దిమ్మ. నాలుగు నెలలు సముద్రం ఊపినా పెట్టె కదలకూడదు. టీకి ఇంకో గుణం ఉంది, పక్కనున్న వాసన పీల్చేస్తుంది. అందువల్ల వాసనొచ్చే సరుకేదీ దాని దగ్గర ఉండకూడదు.

ఆ వెదురు చాపల దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. నేను కాకినాడ యాంకరేజీలో, అంటే తీరానికి దూరంగా ఓడలు లంగరేసే చోట, బియ్యం ఎక్కించినప్పుడు కూడా హోల్డు గోడలకి వెదురు చాపలే కట్టించేవాళ్లం. పగలు వేడి, రాత్రి చలి వల్ల ఇనుప గోడకి లోపల చెమట పడుతుంది. ఆ నీరు బస్తాకి తగిలితే బియ్యం గడ్డకడుతుంది, బూజు పడుతుంది. ఒకసారి చాపలు తక్కువ పడ్డాయి. పడవలు వెనక ఆగి ఉన్నాయి, ఏజెంట్ తొందరపెడుతున్నాడు. ఒక మూల చాప లేకుండానే పేర్పించాను. మూడు వారాల తర్వాత ఆఫ్రికా రేవులో హ్యాచ్ (హోల్డు మూత) తెరిస్తే ఆ మూల బస్తాలు నల్లగా, మొద్దుల్లా గట్టిపడి ఉన్నాయి. చేత్తో నొక్కితే లోపల వెచ్చగా తగిలింది. ఆ వాసన నాకింకా గుర్తుంది. గులకరాళ్ల మీద చాప పరిచి, పాత టీ కింద పేర్చిన ఆ షాంఘై కూలీకి తన పని ఎంత బాగా తెలుసో అప్పుడు నాకు అర్థమైంది.

టీ ఓడలు పందెంలా పరిగెత్తడానికి కారణం కూడా సరుకే. కొత్త పంట ముందు చేరితే ధర ఎక్కువ. 1866లో చైనాలోని ఫూచౌ నుంచి బయల్దేరిన టీ ఓడలు టైపింగ్, ఏరియల్, సెరికా 99 రోజుల ప్రయాణం తర్వాత లండన్‌లో ఒకే ఆటుపోటు మీద డాకుల్లోకి వచ్చాయి. మొదటిదానికి టన్నుకు పది షిల్లింగులు అదనం అని ముందే ఒప్పందం. ఇలాంటి సంవత్సరాలు చాలా కొద్ది. కట్టీ సార్క్ టీ ప్రయాణాలు మొత్తం ఎనిమిదే.

ఇక మామూలు రోజు. ఓడలో పనివాళ్లు రెండు జట్లు. ఎడమ జట్టు మేట్ (కెప్టెన్ తర్వాతి ఆఫీసర్) కింద, కుడి జట్టు సెకండ్ మేట్ కింద. నాలుగు గంటలు పని, నాలుగు గంటలు విశ్రాంతి. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉన్న సమయాన్ని రెండు రెండు గంటలుగా విడగొట్టేవాళ్లు. దానివల్ల రోజూ అర్ధరాత్రి డ్యూటీ ఒకే జట్టుకి పడదు. అంటే నెలల తరబడి జట్లలోని ఏ మనిషీ ఒక్క విడతలో నాలుగు గంటలకి మించి నిద్రపోడు. అందులోనూ తెరచాపలు తగ్గించాల్సి వస్తే "అందరూ పైకి" అని కేక పడుతుంది, తడిబట్టలతో లేచి రావాల్సిందే. ఈ జట్లలో లేనివాళ్లు కొందరు: వడ్రంగి, తెరచాపలు కుట్టేవాడు, వంటవాడు, స్టూవర్డ్. వీళ్లు పగలు పనిచేసి రాత్రి పడుకునేవాళ్లు. వీళ్లు కాక అప్రెంటిస్ కుర్రాళ్లు. వాళ్ల ఇళ్లవాళ్లు ఎదురు డబ్బు కట్టి పంపేవాళ్లు, నాలుగేళ్లలో ఆఫీసర్ పని నేర్చుకుంటాడని.

తెల్లవారుజామున ఒక గిన్నెడు కాఫీ. తర్వాత డెక్ కడగడం. ఉప్పునీళ్లు పోసి, రాయితో తోమి, చీపుళ్లతో నెట్టడం. శుభ్రత ఒక్కటే కారణం అనుకోకండి. డెక్ చెక్క ఎండిపోతే పలకల మధ్య సందు తెరుచుకుంటుంది, కింద హోల్డులోకి నీరు కారుతుంది. తర్వాత రోజంతా మరమ్మతు. పదకొండు మైళ్ల పొడవు తాళ్లు, తీగలు ఆ ఓడకి. ఎక్కడ రాపిడి ఉందో అక్కడ గుడ్డ చుట్టాలి, తారు పూయాలి, అరిగినది మార్చాలి. తారు డబ్బా మెడకి తగిలించుకుని మాస్ట్ మీద నుంచి కిందికి పూసుకుంటూ దిగేవాళ్లు. డెక్ మీద చుక్క పడితే తిట్లు. తెరచాపలు రెండు జతలు ఉండేవి. నెమ్మదిగా, నిలకడగా గాలి వీచే ఉష్ణమండలంలో పాతవి, దక్షిణ సముద్రంలో గట్టివి. ఆ మార్పు ఒక పగలంతా పట్టే పని, ఒక్కో తెరచాప తడిస్తే మనిషి మొయ్యలేనంత బరువు.

చుక్కాని చక్రం దగ్గర ఒక మనిషి రెండు గంటలు నిలబడాలి. ముందు భాగంలో కాపలాకి ఒకడు. గంటకొకసారి లేదా రెండు గంటలకొకసారి వేగం కొలవడం. ఇది చూడముచ్చటగా ఉండే పని. తాడు చివర ఒక చెక్క ముక్క కట్టి వెనక నీళ్లలో వదులుతారు. చెక్క నీటిలో నిలిచిపోతుంది, ఓడ ముందుకెళ్లేకొద్దీ తాడు చుట్ట నుంచి జారుతుంది. తాడుకి 47 అడుగుల 3 అంగుళాలకొక ముడి. ఒకడు 28 సెకండ్ల ఇసుక గడియారం పట్టుకుంటాడు. ఇసుక అయిపోగానే ఎన్ని ముడులు జారాయో అదే వేగం. ముడిని ఇంగ్లీషులో నాట్ అంటారు గనక ఇప్పటికీ ఓడ వేగం నాట్లలోనే. వేగం పదిహేను దాటితే ఆ తాడు చుట్ట పట్టుకున్నవాడి చేతులు లాగేసేది, పద్నాలుగు సెకండ్ల గడియారం వాడి రెట్టింపు చేసుకునేవాళ్లు.

తెరచాప ముడవాలంటే మాస్ట్ ఎక్కి, అడ్డకొయ్య కింద వేలాడే తాడు మీద కాళ్లు పెట్టి, కొయ్య మీద పొట్ట ఆనించి, రెండు చేతులతో గుడ్డని లాక్కోవాలి. పెద్ద మాస్ట్ ఎత్తు 150 అడుగులకు దగ్గర. చలికి గుడ్డ రేకులా బిగుసుకుని గోళ్లు ఊడొచ్చేవి. "ఒక చెయ్యి ఓడకి, ఒక చెయ్యి నీకు" అని మాకూ కేడెట్ రోజుల్లో నేర్పారు. తెరచాప ఓడలో ఆ మాట పాటించడం ఎలా? రెండు చేతులూ ఓడకే కావాలి.

తిండి కొలత చట్టం ప్రకారం రాసి ఇచ్చేది. రోజుకి ఒక పౌను గట్టి బిస్కట్, ఒక రోజు ఉప్పు గొడ్డుమాంసం, మర్నాడు ఉప్పు పంది మాంసం, బఠాణీ పులుసు, కొంచెం పిండి, టీ, పంచదార. నీళ్లు మనిషికి మూడు క్వార్టులు, అంటే మూడున్నర లీటర్ల లోపు. వంటకీ తాగడానికీ అదే. 1867 చట్టం తర్వాత స్కర్వీ (చిగుళ్లు చెడే జబ్బు) రాకుండా రోజూ నిమ్మరసం తప్పనిసరి చేశారు. అనుభవమున్న నావికుడి జీతం నెలకి రెండున్నర నుంచి మూడు పౌండ్లు. అందులో ఒక నెల జీతం బయల్దేరేముందే అడ్వాన్సు. ఆ అడ్వాన్సు సగం రేవులో తిండి, పడక పెట్టే దళారులే మింగేసేవాళ్లు. మనిషి ఓడెక్కేసరికే అప్పు తీరుస్తూ పనిచేస్తున్నట్టు లెక్క. ఇది చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఉద్యోగం కోసం దళారులకి లక్షలు కట్టి ఓడెక్కిన మన కుర్రాళ్లని నేను చూశాను కాబట్టి.

ఓడ మునిగిపోయేంత సరుకు నింపి, ఇన్సూరెన్స్ తీసుకునే యజమానులూ అప్పట్లో ఉండేవాళ్లు. శామ్యూల్ ప్లిమ్సోల్ అనే పార్లమెంటు సభ్యుడు పోరాడి 1876లో చట్టం తెప్పించాడు, ఓడ పక్కన బరువు గీత గీయాలని. ఇప్పటికీ ప్రతి సరుకు ఓడ పక్కన ఒక వృత్తం, దాని మధ్య అడ్డగీత కనిపిస్తుంది. నేను పనిచేసినన్నాళ్లు సరుకు ఎక్కుతుంటే రేవు గట్టు మీదికి దిగి, వంగి, ఆ గీత నీటికి ఎంత ఎత్తులో ఉందో చూడటం నా డ్యూటీ.

అన్నింటిలో మీకు ఒక్క సంఘటన చెప్పాలంటే 1872 చెబుతాను. తుఫానులో ధైర్యం కథగా అందరూ చెబుతారు, నాకు మాత్రం అది వడ్రంగి కథ. షాంఘై నుంచి పోటీ టీ ఓడ థర్మోపిలీ, కట్టీ సార్క్ జూన్‌లో ఒకేసారి బయల్దేరాయి. జావా, సుమత్రాల మధ్యనున్న సుండా జలసంధి దాటాక కట్టీ సార్క్ బాగా ముందుంది. ఆగస్టు 15న హిందూ మహాసముద్రంలో పెద్ద గాలికి చుక్కాని ఊడి పోయింది. యజమాని తమ్ముడు ఓడలోనే ఉన్నాడు. దక్షిణాఫ్రికా రేవులోకి పోదామని పట్టుబట్టాడు. కెప్టెన్ మూడీ ఒప్పుకోలేదు. వడ్రంగి హెన్రీ హెండర్సన్, ఊగుతున్న డెక్ మీదే కొలిమి పెట్టించి, మిగులు కొయ్యలు కోసి, ఇనుప పట్టీలు సాగగొట్టి కొత్త చుక్కాని చేశాడు. తిత్తులు ఊదింది కెప్టెన్ కొడుకు. ఒక కెరటానికి కొలిమి బోర్లపడి నిప్పులు ఆ కుర్రాడి మీద పడ్డాయి. ఆరు రోజుల్లో పని అయింది. తయారు చెయ్యడం ఒక ఎత్తు, అన్ని మణుగుల బరువుని ఓడ వెనక నీళ్లలోకి దించి, కెరటాల మధ్య సరైన చోట బిగించడం ఇంకో ఎత్తు. లండన్‌కి థర్మోపిలీ కన్నా ఒక వారం ఆలస్యంగా చేరింది. హెండర్సన్‌కి విల్లిస్ 50 పౌండ్లు బహుమతి ఇచ్చాడు. ఒక నావికుడికి దాదాపు ఏడాదిన్నర జీతం. మూడీ ఆ తర్వాత ఈ ఓడ వదిలేసి ఆవిరి ఓడలకి మారిపోయాడు.

1877 తర్వాత టీ దొరకలేదు. దొరికిన సరుకల్లా మోసింది. అందులో బొగ్గు కూడా ఉంది. బొగ్గు మోసేటప్పుడు లోపల తనంతట తానే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంటుంది, అందుకే మేమూ రోజూ హోల్డు ఉష్ణోగ్రత రాసేవాళ్లం. 1880లో జపాన్‌లోని అమెరికా నౌకాదళానికి బొగ్గు తీసుకెళ్తుండగా మేట్ ఒక నల్లజాతి నావికుణ్ణి, జాన్ ఫ్రాన్సిస్‌ని, కొట్టి చంపాడు. జావా దగ్గర ఆ మేట్‌ని కెప్టెన్ వాలెస్ గుట్టుగా తప్పించాడు. నావికులు పని మానేశారు. అప్రెంటిస్‌లు, వడ్రంగి, వంటవాడు లాంటి కొద్దిమందితో ఓడ నడపబోతే గాలి పడిపోయి జావా సముద్రంలో ఓడ నిలిచిపోయింది. వాలెస్ ఆ నిశ్చలంలోనే సముద్రంలోకి దూకేశాడు. మేట్ తర్వాత దొరికాడు, శిక్ష పడింది. ఈ ఓడ గురించి గర్వంగా రాసే చాలామంది జాన్ ఫ్రాన్సిస్ పేరు రాయరు. అది అన్యాయం.

ఇప్పుడు మన తీరం. 1882లో న్యూయార్క్‌లో కిరసనాయిలు ఎక్కించారు, ఇరవై ఆరు వేలకు పైగా పెట్టెలు. జావాలోని సెమరంగ్‌లో దించారు. అక్కడ నుంచి బంగాళాఖాతంలోకి వచ్చి మద్రాసు, భీమునిపట్నం, కాకినాడల్లో సరుకు ఎక్కించుకుని 1883 మొదట్లో లండన్ బయల్దేరింది. కెప్టెన్ పేరు మూర్. ఎక్కించినవి బెల్లం, కరక్కాయలు, ఎర్ర రంగు కొయ్య, కొమ్ములు. ప్రపంచంలో పేరుమోసిన టీ ఓడ, మన బెల్లం మోసింది.

ఈ జాబితా ఎంత సూటిగా చెబుతుందో చూడండి. కరక్కాయ మనకి దగ్గు మందు. ఇంగ్లండ్‌లో తోళ్లు పదును పెట్టడానికి కావాలి. తూర్పు కనుమల అడవుల్లో ఏరి, ఎండబెట్టి, బండ్ల మీద భీమిలి చేర్చేవాళ్లు. ఇప్పటికీ మన్యంలో గిరిజనులు కరక్కాయలు ఏరి అమ్ముతూనే ఉన్నారు. ఎర్ర కొయ్య గుడ్డల అద్దకానికి. కొమ్ములు దువ్వెనలకి, కత్తి పిడులకి. బెల్లం వేడికి కారుతుంది, జిగురు అడుగుకి దిగి నీళ్లు తోడే పంపుల దారి పూడుస్తుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో, పైన ఏం పెట్టాలో మేట్ తల బద్దలుకొట్టుకునే ఉంటాడని నా నమ్మకం.

భీమిలిలో అప్పుడు ఓడ ఆనుకునే గట్టు లేదు. ఓడ దూరంగా లంగరేసి నిలబడుతుంది. కెరటాల గుండా సరుకు తెచ్చేవి మసూలా పడవలు. వాటి పలకలకి మేకులు ఉండవు, కొబ్బరి పీచు తాడుతో కుట్టినవి. నేలకి కొట్టుకున్నప్పుడు మేకు కొట్టిన పడవ విరిగిపోతుంది, కుట్టిన పడవ వంగి ఊరుకుంటుంది. కాకినాడలో హోప్ ఐలాండ్ అడ్డుండటం వల్ల నీళ్లు కాస్త నెమ్మది. అయినా లోతు లేక ఓడలు మైళ్ల దూరంలో ఆగేవి, కాలవల నుంచి పడవలు సరుకు మోసేవి. పడవ ఓడ పక్కకి వచ్చాక బస్తాల్ని తాడు ఉచ్చులో వేసి, కొయ్యకి కట్టిన కప్పీ మీద లాగడం. నేను 1990ల్లో కాకినాడ యాంకరేజీలో చేసింది కూడా అంతే. కప్పీ బదులు క్రేన్. పడవ పైకి లేచినప్పుడు ఉచ్చు తగిలించాలి, దిగేలోగా ఎత్తాలి. క్షణం తప్పితే ఉచ్చు పడవ వాళ్ల మీదికి ఊగుతుంది. పడవ మీద నిలబడి, కెరటం లెక్క చూసి చెయ్యెత్తి సైగ చేసే మనిషిని నేను ఎన్నో రోజులు పైనుంచి చూశాను. గోదావరి జిల్లాల వాళ్లే అందరూ. 1883లో కట్టీ సార్క్ పక్కన నిలబడి ఆ సైగ చేసినవాళ్ల పేర్లు ఏ ఓడ పుస్తకంలోనూ లేవు.

దగ్గరలోనే కోరంగి. అక్కడ ఓడలు కట్టేవాళ్లు, మరమ్మతు చేసేవాళ్లు. 1839 తుఫాను ఉప్పెన ఆ రేవుని తుడిచిపెట్టింది. బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలు అనడానికి ఆ రేవు పేరే మూలం. సముద్రం పని మనకి కొత్త కాదు.

ఆ ప్రయాణం తర్వాత ఓడకి సరైన సరుకు దొరికింది. ఆస్ట్రేలియా ఉన్ని. ఉన్ని బేళ్లని స్క్రూ జాకీలతో బిగించి, రెండు పట్టే చోట మూడు దూర్చేవాళ్లు. మొదటి లోడు 1883లో ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ నుంచి 4,289 బేళ్లు. తడి ఉన్ని లోపల వేడెక్కి అంటుకుంటుంది కాబట్టి వర్షంలో ఎక్కించరు. లండన్‌లో ఉన్ని వేలం జనవరిలో మొదలవుతుంది, దానికి అందాలి. అదే ఆ వేగానికి కారణం. 1885 నుంచి పదేళ్లు రిచర్డ్ వుడ్జెట్ కెప్టెన్. సిడ్నీ నుంచి 73 రోజుల్లో లండన్ చేర్చాడు. మంచుకొండలు ఉండే దక్షిణ సముద్రం దాకా దిగి, దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ చుట్టేవాడు. ఆ కొండల్ని ఫోటోలు కూడా తీశాడు. 1889 జూలైలో ఒక రాత్రి బ్రిటానియా అనే ప్రయాణికుల ఆవిరి ఓడని దాటిపోయింది. ఇదే ఏళ్లలో సిబ్బందిని తగ్గించారు. టీ రోజుల్లో పాతిక ముప్పై మంది, వుడ్జెట్ ఒకసారి 19 మందితో నడిపాడు. వేగం రికార్డు చెప్పేటప్పుడు ఈ సంఖ్య కూడా చెప్పాలి. అదే గుడ్డ, అవే తాళ్లు, పది చేతుల జతలు తక్కువ.

ఎన్నాళ్లు పనికొచ్చేదని అడిగారు. చెక్క సరుకు ఓడ ఇరవై ఏళ్లు నిలిస్తే బాగా నిలిచినట్టే. ఇది 1895లో పోర్చుగల్ వాళ్ల చేతికి వెళ్లి, ఫెరైరా అనే పేరుతో ఇంకో పాతికేళ్లకు పైగా సరుకు మోసింది. 1916లో గాలికి మాస్టులు పోతే తక్కువ మంది నడపగలిగేలా చిన్న అమరికకి మార్చారు. 1922లో విల్‌ఫ్రెడ్ డౌమన్ అనే కెప్టెన్ 3,750 పౌండ్లకి కొని ఇంగ్లండ్ తెచ్చాడు. అంటే యాభై రెండేళ్ల సంపాదన. 1954లో లండన్‌లోని గ్రీనిచ్‌లో డ్రై డాక్‌లో (నీళ్లు తీసేసిన ఓడల గుంటలో) శాశ్వతంగా నిలిపారు. 2007 మే 21న మరమ్మతులప్పుడు మంటలు అంటుకున్నాయి. మాస్టులు, చాలా పలకలు అప్పటికే విప్పి వేరేచోట ఉండటం వల్ల మిగిలాయి. 2012లో మళ్లీ తెరిచారు.

మా ఓడ లండన్ దగ్గరి టిల్బరీ రేవులో ఆగినప్పుడు ఒక సెలవు రోజు వెళ్లి చూశాను. రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి లండన్ వెళ్లినప్పుడు మళ్లీ వెళ్లాను. మీకు ఎప్పుడైనా వీలైతే పైనున్న డెక్, చక్రం దగ్గర ఫోటోలు తర్వాత తీసుకోవచ్చు. ముందు హోల్డులోకి దిగండి. రెండు వైపులా ఇనుప పక్కటెముకలు, మధ్య ఖాళీ. అక్కడే టీ పెట్టెలు, బొగ్గు, మన బెల్లం, కరక్కాయలు, ఉన్ని బేళ్లు వరసగా వచ్చి వెళ్లాయి. తర్వాత ఓడ కిందికి వెళ్లండి. ఓడని నేల మీంచి మూడు మీటర్లు ఎత్తి నిలబెట్టారు, కింద నడవచ్చు. వెనక చివరిదాకా నడిచి చుక్కాని కింద నిలబడి తలెత్తి చూడండి. హెండర్సన్ చేసింది అంతటి వస్తువు, మిగిలిన కొయ్యలతో, కాళ్ల కింద నిలకడ లేని డెక్ మీద, ఆరు రోజుల్లో.